టీచరమ్మ ఓటు

బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మాకు చరిత్ర చెప్పిన టీచరమ్మ పోయిన మంగళవారం కన్నుమూశారు. శాంతంగా వెళ్లిపోయారని అందరూ అంటున్నారు. నేను నమ్మను. ఆవిడ ఏ పనీ శాంతంగా చేయగా చూడలేదు.

సాయంత్రాలు మా తెలుగు చర్చి వెనక గదిలో పాఠం. తెల్లవాళ్ల నాటి బెంగాల్ శాసనసభ గురించి చెప్పాలంటే ముందు బెంచీలు ఖాళీ చేయించేవారు. "నువ్వు జమీందారువి, కూకో. నువ్వు జనపనార మిల్లు దొరవి, కాళ్లు జాపుకుని కూకో." మిగతా క్లాసంతా గుమ్మం బయటే. మాకు ఆటల గంట ఉండాలా వద్దా అని లోపలివాళ్లు తేల్చాలి. వెధవలు ప్రతిసారీ వద్దనే తేల్చేవారు. మేం గోలపెడితే ఆవిడ బయటికొచ్చి, "మా నాన్న యార్డులో పట్టాలు మార్చీవోడు. ఆస్తి లేదు, సదువు లేదు, ఓటూ లేదు. ఆడదానికైతే మొగుడి ఆస్తిని బట్టి ఓటు. మరి మా అమ్మకేటుంటది?" అనేవారు.

ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చాక కూడా మావాళ్లకు ఒక ఆనవాయితీ ఉండేది. ఎన్నికల ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, కాలనీ ఓట్లన్నీ ఏ గుర్తుకు పడాలో సంఘ పెద్ద చెప్పేవాడు. మగవాళ్లు తలూపేవారు. ఆడవాళ్లు ఇంటికెళ్లి భర్తను మరోసారి అడిగి ఖాయం చేసుకునేవారు.

ఒకసారి టీచరమ్మ ఆడవాళ్ల చాప మీద నుంచి లేచారు.

"పెద్దయ్యా, తెల్లోడు సభలో మన క్రైస్తవులకి సీటిచ్చేడు గానీ, మా అమ్మకి ఓటివ్వలేదు. ఇప్పుడు నాకొచ్చింది. నాది నాకొగ్గీండి."

"కట్టుబాటు తప్పితే గది తాళం ఇచ్చీమ్మా," అన్నాడాయన.

ఆవిడ కొంగుముడి విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టేశారు. మర్నాటి నుంచి పాఠం ఆవిడ క్వార్టరు వరండాలో. వానొస్తే పుస్తకాలతో సహా తడిసేవాళ్లం. కొందరు పిల్లల్ని మాన్పించారు. ఆవిడ ఎవరినీ బతిమాలలేదు. ఆ ఎన్నికల్లో మా అమ్మ, నాన్నను అడక్కుండా ఓటేసొచ్చింది. నాన్న ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఎవరి ముందూ ఊరికే తలూపకూడదని నేను నేర్చుకున్నది ఆ వరండాలోనే. ఆ రుణం తీరేది కాదు.

సమాధి దగ్గర జనం పలచబడ్డాక ఆవిడ భర్త, రిటైరైన గార్డు బాబాయి, నన్ను పక్కకు పిలిచారు.

"ఇన్నేళ్లూ ఓటు ఎవులికేసీదో నీకేటైనా సెప్పిందేటమ్మా?"

"లేదు బాబాయ్."

"నాకూ సెప్పలేదు," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ సంఘ పెద్దను చూసి, ఆ మాటే ఇంకోసారి గట్టిగా అన్నారు.