షూటింగ్‌లో నిలబడ్డ కారు

ఈ రోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక నటుడు అమ్ముతున్న, పెట్రోలుతోపాటు బ్యాటరీతోనూ నడిచే పాత హైబ్రిడ్ కారు చూడ్డానికి కృష్ణానగర్ మెకానిక్ యాదగిరిని వెంటబెట్టుకుని వెళ్లాను. మీటర్ మీద ఇరవై వేల కిలోమీటర్లే. మనసులో అప్పుడే కొనేశాను.

యాదగిరి మాత్రం వెనక సీటు పక్కన, బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ విప్పాడు. లోపలంతా మేకప్ పౌడర్.

"గింత పౌడర్ ఏంది సార్?"

నటుడి మేనేజర్ గర్వంగా చెప్పాడు. "బండి అసలు తిరగలేదండీ. షూటింగ్‌లో సార్ రోజంతా ఏసీ వేసుకుని ఇందులోనే కూర్చుంటారు. టచప్ కూడా ఇందులోనే."

యాదగిరి జాలీ బిగించి నావైపు తిరిగాడు. "బండి తిరగలే గానీ బ్యాటరీ రోజంతా పనిచేసింది సార్. అది మీటర్‌ల కనవడదు."

ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుర్చీ దిగని మనిషిని. నన్నే ఎవరూ కొనరు, ఆ కారునేం కొంటాను? మీరైతే కొంటారా?