పక్క మార్చే వేళ

"ఎన్నుబొక్క ఇరిగినోన్ని ఎన్నుబొక్క సంపదు, పరుపు సంపుతది" అని శ్యామలమ్మ తన వార్డుకు కొత్తగా వచ్చిన ప్రతి ఆయాకూ చెప్పేది. చెప్పి ఊరుకునే రకం కాదు. ఆ ఆయాను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, "కదిలినవంటే జూడు" అని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేది. కాసేపటికే ఆయా తనకు తెలియకుండానే ఒళ్లు సర్దుకునేది. "సూసినవా, నీ తుంటికి నొప్పి తెలిసింది, కదిలినవ్. గా మంచంల ఉన్నోనికి తెల్వదు. వాని బదులు నీకు తెల్వాలె" అనేది. ఇంతకు మించిన పాఠం ఆమె ఎవరికీ చెప్పలేదు.

శ్యామలమ్మది ఆలేరు పక్క పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. చిన్నప్పుడు మేనత్త కాన్పుకు తోడుగా రైలెక్కి సికింద్రాబాదు దవాఖానకు పోయింది. అక్కడ తెల్లబట్టల నర్సు ఒకామె, బూట్లు టకటకలాడించుకుంటూ వార్డులోకి వచ్చిన ఒక దొర మనిషిని "బయటికి నడువు" అన్నది. దొర మనిషి నడిచాడు! నిజాం రోజుల్లో అటువంటి వింత పల్లెటూరి పిల్ల కంట పడితే ఇంకేముంది, ఆ పూటే తన బతుకు తేల్చుకున్నది. "పరాయి మొగోళ్ల ఒళ్లు తుడిచే కొలువా?" అని చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నారు. కొందరు వాళ్లింట్లో మంచినీళ్లు ముట్టడం మానేశారు. జరాలొచ్చినప్పుడు వాళ్లే మళ్లీ ఆమె గడప తొక్కారనుకోండి.

ఇటువంటి కొలువు చేసే పిల్లను ఎవడు చేసుకుంటాడని ఊరంతా అనుకుంటుండగా, నార్కట్‌పల్లి చౌరస్తాలో చాయ హోటల్ నడిపే బుచ్చయ్య వచ్చి చేసుకున్నాడు. బస్సు డ్రైవర్లందరూ అతని దగ్గరే చాయ తాగేవాళ్లు కాబట్టి, పొద్దున శ్యామలమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ రోడ్డెక్కేదాకా నల్లగొండ బస్సు ఆమె కోసం ఆగి ఉండేది. ఇంట్లో పొయ్యి బుచ్చయ్యది. "వంట నాది, వడ్డన నాది, తిట్లు ఆమెయి" అని గిరాకీలతో నవ్వుతూ చెప్పేవాడు. పెళ్లాం మీద అతనికున్న ఫిర్యాదు ఒక్కటే. నిద్రలో తనను కూడా పక్కకు తిప్పి వీపు తడిమి చూసేదట. అడిగితే, నాకేం తెలుసు, నేను నిద్రలో ఉన్నాను కదా అనేదట.

ఆమె పనిచేసే జిల్లా దవాఖాన మగవాళ్ల వార్డుకు ఏడాదికి కొందరైనా వెన్ను విరిగినవాళ్లు వచ్చేవాళ్లు. కొందరు బావి తవ్వుతుంటే మట్టిపెళ్ల మీద పడ్డవాళ్లు, కొందరు బండి కింద పడ్డవాళ్లు, ఎక్కువమంది తాడిచెట్టు మీంచి పడ్డ కల్లుగీత గౌండ్లవాళ్లు. ఇంట్లో పాలు విరిగితే కొత్త కోడలికి ఎంత చిన్నతనమో, వార్డులో ఎవరికైనా పరుపు పుండు పడితే శ్యామలమ్మకు అంత చిన్నతనం. ఆ రోజు డాక్టరుగారు కూడా ఆమెకు ఎదురుపడకుండా తిరిగేవారు.

ఆ వార్డుకు ఒక వానాకాలం, పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో కాబోలు, ఎల్లేశం వచ్చాడు. ఇరవై దాటిన గౌండ్ల పిల్లవాడు. వాన వెలిసిన పొద్దున తడిసిన తాడిచెట్టు ఎక్కితే, నడుముకు కట్టుకున్న మోకు జారి కల్లు లొట్టితో సహా కిందపడ్డాడు. మెడ కింద వెన్నుపూస దెబ్బతిని, ఛాతీ కింది ఒళ్లు అతనిది కాకుండా పోయింది. చేతులు ఆడేవి గానీ పిడికిట్లో పట్టు లేదు. తండ్రి లేడు. తల్లి గుర్వమ్మ ముందు కట్లు కట్టేవాని దగ్గరికి తీసుకుపోతే, వాడు వెదురుబద్దలు కట్టి, కదపకుండా పడుకోబెట్టమన్నాడు. ఆ తల్లి అక్షరాలా అట్లాగే చేసింది. కళ్లల్లో వత్తులు వేసుకుని, కొడుకు మీద ఈగ వాలనీయకుండా కాపలా కాసింది. దవాఖానకు వచ్చేసరికి తోకఎముక మీద పిడికిలి పట్టేంత పుండు.

"ఏం పాపం జేసిన్నో నర్సమ్మా, ముట్టుకోకుంట సూసుకున్న" అని గుర్వమ్మ ఏడ్చింది.

ముట్టుకోకపోవడమే తప్పయిందనే మాట శ్యామలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆ తల్లి గుండె పగిలేది. అందుకని అంత నోరున్న మనిషీ నోరు మూసుకుని, పుండు కడగడానికి కూర్చున్నది.

అది మొదలు వార్డులో అదే పని. రెండు గంటలకొకసారి దుప్పటి పట్టి, తల, మెడ, నడుం ఒక్క దూలంలా తిరిగేట్టు అతన్ని ఒక పక్కకు మార్చడం, మోకాళ్ల నడుమ మెత్తదిండు పెట్టడం, మడమలు పరుపుకు తగలకుండా ఎత్తడం. మరగబెట్టిన రబ్బరు గొట్టంతో మూత్రం తీయడం. పక్క మీద ముడత ఉండొద్దు, తడి ఉండొద్దు, జొన్నరొట్టె ముక్క కూడా రాలొద్దు. చర్మం ఎర్రబడిన చోట వేలితో ఒత్తితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడలేదంటే లోపల పుండు మొదలయినట్టే. ఎల్లేశం మొదట్లో సిగ్గుతో కళ్లు మూసుకునేవాడు. తర్వాత అలవాటు పడి, "అక్కా, రొట్టెల పెనం మీద రొట్టెను గూడ గిన్నిసార్లు మర్లెయ్యరు" అని నవ్వడం నేర్చుకున్నాడు. "మాడిన రొట్టె ఎవడు తింటడు తమ్మీ, అటు తిరుగు" అనేది ఆమె.

వానలు పోయి, చలి పోయి, ఎండలు ముదిరే వేళకు పుండు మూసుకున్నది. దాని మీద ఉల్లిపొరలాంటి కొత్త చర్మం వచ్చింది. డాక్టరుగారు గుర్వమ్మను పిలిచి నెమ్మదిగా చెప్పారు. కాళ్లు రావు. పుండు పడకుండా చూసుకుంటే మాత్రం పిల్లవాడు చాలా ఏండ్లు బతుకుతాడు. ఇంటికి తీసుకుపోవచ్చు. గుర్వమ్మ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"డాక్టర్లు చేతులెత్తిన్రు. ఇగ నా పిల్లగాన్ని గుట్ట నర్సింహస్వామే నడిపియ్యాలె" అన్నది. యాదగిరిగుట్ట మీద రోగులు మొక్కుకుని ప్రదక్షిణలు చేస్తూ ఉండిపోతే, స్వామి కలలోకి వచ్చి మందు వేస్తాడనీ, కొందరికి కోసి కుడతాడనీ ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. పదకొండు రోజులు గుట్ట మీదే ఉంటానని మొక్కుకున్నది.

శ్యామలమ్మ ముందు జరగబోయేది లెక్క వేసుకున్నది. సత్రంలో బండల మీద పడుకోబెడతారు. కొడుకు నిద్రపోతుంటే కదిలించడం ఈ తల్లికి ఇప్పటికీ నచ్చదు. వార్డులో తాను పక్క మారుస్తుంటేనే అటు ముఖం తిప్పుకునేది. గుట్ట మీద పుండు పడితే ఇల్లు చేరేదాకా కూడా ఉండడు. గుట్ట మీద పడకపోయినా, ఇంట్లో అతన్ని చూసుకునేది ఈ తల్లి ఒక్కతే. ఆమె చేతులకు ఈ పని రాకపోతే ఎల్లేశం వచ్చే వానలు చూడడు.

పోవద్దంటే ఆగే మనిషి కాదు గుర్వమ్మ. అందుకే శ్యామలమ్మ డాక్టరుగారి దగ్గరికి పోయి సెలవు అడిగింది. "నీకు సెలవనేది ఒకటుంటదని నీకు తెలుసా?" అని ఆయన నవ్వి, రబ్బరు గొట్టాలు, దూది, మలాము డబ్బా తానే మూటకట్టి ఇచ్చారు. బుచ్చయ్య తనకు తెలిసిన లారీలో గడ్డి, బొంతలు పరిపించాడు. "పెండ్లయిన్నాటి సంది గుట్టకు తీస్కపొమ్మంటే తీరలేదంటివి" అని ఒక దెబ్బ వేశాడు. "నిన్ను గూడ మర్లేసి మర్లేసి తీస్కపోత, ఎన్నుబొక్క ఇరగ్గొట్టుకో" అని ఆమె లారీ ఎక్కింది.

గుట్ట మెట్ల మీదుగా వెంట వచ్చిన నలుగురు గౌండ్లవాళ్లు ఎల్లేశం మంచాన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. దారిలో ఒక ముసలమ్మ అది చూసి శవమనుకుని దండం పెట్టింది. ఎల్లేశం తల ఎత్తి, "ఇంక పోలేదవ్వా, పోతే జెప్త తియ్" అన్నాడు. మోసేవాళ్లు నవ్వు ఆపుకోలేక మంచం దించి కూర్చున్నారు.

మొదటిరోజు నుంచే చిక్కు మొదలయింది. గుర్వమ్మ కోనేటి గుండంలో మునిగి, తడిబట్టలతో ప్రదక్షిణలు చేసి, నీళ్లు కారే చీరకొంగును నేరుగా తెచ్చి కొడుకు కాళ్ల మీద, నడుం మీద పిండేది. తన పుణ్యం వానికి తగలాలని ఆమె ఆశ. ఆ నీళ్లన్నీ ఒంటి కిందికి జారి పక్కంతా తడిసేది. శ్యామలమ్మ ఎంత తుడిచినా, మూడోరోజుకు పాత పుండు చోట చర్మం నానినట్టయి ఎర్రటి మచ్చ తేలింది. వేలితో ఒత్తితే తెల్లబడడానికి బద్ధకించింది.

"అవ్వా, గా నీళ్లు పొయ్యకు, పుండయితది" అన్నది శ్యామలమ్మ.

"దేవుని నీళ్లతోటి పుండయితదా? గంత మాటంటవా?" అని గుర్వమ్మ చెంపలు వేసుకున్నది.

శ్యామలమ్మ కోపం నషాళానికి అంటింది. కానీ కొడుకు కాళ్ల దగ్గర తడిబట్టల్లోనే నిలబడ్డ ఆ మనిషిని చూసి జాలి కూడా వేసింది. ఒక్క క్షణం ఆలోచించి అడిగింది. "దేవుని నీళ్లు నెత్తి మీద జల్లుకుంటరు గని, ఎవలన్న నడుం కింద పోస్తరా అవ్వా?"

గుర్వమ్మ నాలుక కరుచుకున్నది. "అయ్యో నా మతి మండ" అనుకుని, అప్పటినుంచి తలమీద నాలుగు చుక్కలు చల్లి ఊరుకునేది. పక్క ఆరింది.

పక్క మార్చడం దగ్గర మాత్రం ఆమె ఇసుమంత కూడా వంగలేదు. ఎల్లేశం కన్ను మూస్తే చాలు, మంచానికి అడ్డంగా కూర్చునేది. "స్వామి వచ్చే యాళ్ళకు నువ్వు కదిలిస్తే, ఆయన వచ్చిన తొవ్వనే పోతడు. ఒక్కనాడు సక్కగ పండుకోనియ్యి బిడ్డా" అని బతిమాలేది. ఎల్లేశం ఇద్దరి మధ్యా నలిగి, నిద్ర రాకున్నా గురక తీసేవాడు, నిద్ర వచ్చినా దగ్గేవాడు. శ్యామలమ్మ గుర్వమ్మను పక్కకు జరిపి తన పని తాను చేసుకుపోయేది. చేస్తూ చేస్తూ ఆ తల్లి చేతులను పట్టుకుని దుప్పటి మీద పెట్టేది. గుర్వమ్మ నిప్పును ముట్టుకున్నట్టు వెనక్కి తీసుకునేది. మచ్చ ముదరలేదు, అట్లాగని పోలేదు. రోజులు మాత్రం అయిపోతున్నాయి. సెలవు తీరాక ఏమవుతుందని తలుచుకుంటే శ్యామలమ్మకు అన్నం దిగేది కాదు. జీవితంలో మొదటిసారి తాను ఓడిపోతున్నానని ఆమెకు అనిపించింది.

ఆఖరినాటి తెల్లవారుజామున ఆమె ఉలిక్కిపడి లేచింది. సుప్రభాతం అయిపోయి భక్తుల సందడి వినిపిస్తున్నది. గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయింది! ఎంతసేపయిందో ఏమో. మంచం దగ్గరికి పరుగెత్తింది.

ఎల్లేశం ఎడమవైపు తిరిగి ఉన్నాడు. ఆమె తిప్పింది కుడివైపు. మోకాళ్ల నడుమ మెత్త కాస్త వంకరగా ఉన్నది గానీ ఉన్నది. మడమల కింద గుర్వమ్మ పొడిచీర మడతపెట్టి ఉన్నది. పక్క మీద ముడత లేదు. శ్యామలమ్మ వంగి, ఎర్రమచ్చను వేలితో ఒత్తి చూసింది. చక్కగా తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది.

"ఎవలు మర్లేసిన్రు?"

"మా అవ్వే" అన్నాడు ఎల్లేశం, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి సరిగా అందక తంటాలు పడుతూ. "నేను దగ్గలే అక్కా, గురక పెట్టలే. సప్పుడు జెయ్యకుంట పండుకున్న."

గుర్వమ్మ మంచం కాళ్ల దగ్గర కూర్చుని, తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకుంటున్నది.

"స్వామి వచ్చిండు బిడ్డా. తెల్లారగట్ల కలలకు వచ్చిండు" అన్నది.

"మందేసిండా?"

"మందు లేదు, కత్తి లేదు. మంచం పక్కకు నిలబడ్డడు. గోర్లు గింత పొడుగున్నయ్. 'పిల్లగాన్ని మర్లేసే యాళ్ళయింది. నా గోర్లు గీసుకపోతయ్, గని నీ చేతులు మంచిగున్నయ్ గద, లెవ్వు' అని నా మీద కోపం జేసిండు. లేసి చూస్తే నువ్వు పండుకున్నవ్. లేపబుద్ధి గాలే."

శ్యామలమ్మ వంకరగా ఉన్న మెత్తను సరిచేసింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "కాళ్ల సంగతి అడిగినవా అవ్వా? నడిపిస్తనన్నడా?"

"అడగాల్నని నోటిదాకొచ్చింది" అన్నది గుర్వమ్మ. "గని యాళ్ళ దాటిపోతాందని ముందుగల్ల పిల్లగాన్ని మర్లేసిన. మర్లేసి తిరిగి సూసెవరకు స్వామి పోయిండు."

అంతమంది చావులూ పుట్టుకలూ చూసినా వార్డులో ఏనాడూ ఏడవని శ్యామలమ్మ, అక్కడే మంచంపట్టె పట్టుకుని కూర్చుని సంతోషంతో ఏడ్చింది. గుర్వమ్మ ఆమె వీపు నిమురుతూ, "ఏడువకు బిడ్డా, మల్ల వస్తడు తియ్, గప్పుడు అడుగుత" అన్నది.