దడుసుకున్న చోటు

మొన్న మా అమ్మాయి టీవీలో దయ్యాల సినిమా చూస్తూ, ఒళ్లు జలదరించే ఆ వింత భయాన్ని తెలుగులో ఏమంటారని అడిగింది. పుస్తకాల మాటలు రెండు మూడు నోటిదాకా వచ్చాయి గానీ, బయటికొచ్చింది మాత్రం దడుపు. గుండె దడలోంచే పుట్టి ఉంటుంది ఆ మాట. కుక్క మొరిగితే భయపడతాం. మొరగాల్సిన చోట చడీచప్పుడూ లేకపోతే దడుసుకుంటాం. మా అశ్వారావుపేట వైపు అది జబ్బు కూడా. పిల్లలకు జ్వరమొస్తే ముందు ఎక్కడ దడుసుకున్నారని అడుగుతారు. ఆ చోటి మట్టి తెచ్చి నొసట పెడితే దిగిపోతుందని నమ్మకం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వానాకాలం మా చిన్నమ్మ కూతురికి చలిజ్వరం పట్టుకుంది. ఏడేళ్ల పిల్ల, ఒక్కగానొక్కతి. బాబాయి పామాయిల్ మిల్లులో పనిచేసేవాడు, ఆదివారం చర్చి తప్పనివాడు. మట్టి సంగతి ఎత్తగానే గొణిగాడు. చిన్నమ్మ ఊరుకునే మనిషా? "మన్నును జేసింది గూడ ఆ ప్రభువే గదా, జల్దీ బండి తియ్యి" అంది.

"యాడ దడుసుకున్నవే బిడ్డా?" అని చిన్నమ్మ అడిగితే పిల్ల కాసేపు ఆలోచించి, పామాయిల్ తోట కాడంది. బండి మీద ముందు కూర్చోబెట్టుకుని వెళ్లి మట్టి తెచ్చారు. జ్వరం దిగింది, అంతా సంబరపడ్డాం. ఒకరోజు విడిచి మళ్లీ వచ్చింది. చోటు తప్పు చెప్పిందన్నారు. ఈసారి కల్వర్టు కాడంది, ఆ తర్వాత బస్టాండు వెనకంది. దానికి బండి షికారంటే ప్రాణం. నొసట మట్టితో మహారాణిలా కూర్చుంటే నవ్వుకున్నాం కూడా. మా అమ్మ దవాఖానా మాటెత్తితే, "దడుపుకు సూదేస్తే పానం మీదికొస్తదక్కా" అని చిన్నమ్మ కొట్టిపారేసింది.

చివరికి పిల్ల గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది. దగ్గరికి తీసుకోబోయిన తల్లిని చూసి కెవ్వున అరిచి, మంచం చివరికి ముడుచుకుపోయి, నువ్వెవరంది. అప్పుడు గానీ ఖమ్మం తీసుకుపోలేదు. మలేరియా మెదడుకెక్కిందనీ, మొదట్లోనే తెస్తే గోళీలతోనే తగ్గిపోయేదనీ డాక్టరు చెప్పాడు. తెల్లారేసరికి పిల్ల లేదు.

చిన్నమ్మకు డాక్టరు మాటలు చెవికెక్కలేదు. "నన్ను జూసి గట్ల దడుసుకున్నదేందక్కా నా బిడ్డ?" అని మా అమ్మను అడిగేది. అమ్మ పోయాక నన్ను అడుగుతోంది. జ్వరంలో ఎవరినైనా అలాగే చూసేదని చెబుతాను, తలూపుతుంది, మళ్లీ అడుగుతుంది. కాలమే మందంటారు గానీ, ఇన్నేళ్లయినా ఆ మందు చిన్నమ్మకు పట్టలేదు.