కంటికెక్కిన పసుపు

కర్నూలు మన రాజధానిగా వెలిగిన ఆ కొద్ది రోజుల్లో అక్కడి ఆడపిల్లలకు ఎంత గీర ఉండేదో చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. నాకైతే ఇంకాస్త ఎక్కువే. అలాంటి నన్ను తెచ్చి కడపలో పసుపు మండీ ఉన్నవాళ్లింటికి ఇచ్చారు. అక్కడ గోడలు పచ్చన, మామగారి పంచెలు పచ్చన, మా ఆయన చెవుల వెనక కూడా పచ్చన. నేనొక్కదాన్నే వాసన సబ్బుతో స్నానం చేసి, ముఖానికి స్నో క్రీము రాసుకుని తిరిగేదాన్ని. "మండీ వాళ్ల కోడలు పసుపు పూసుకోకుంటే జనం నవ్వరా పాపా?" అని అత్తమ్మ రోజూ బతిమాలేది. నేను వింటేగా!

ఒక ఎండాకాలం బావి ఎండిపోయి, ఏటి చెలమల నీళ్లు తెప్పించుకుని తాగుతున్నాం. ఇంట్లో అందరూ కాచి చల్లార్చి తాగేవారు. నేను మాత్రం కడవలోవి అలాగే ముంచుకునేదాన్ని. కొన్నాళ్లకు అన్నం సయించడం మానేసింది. తాలింపు వాసన తగిలితే చాలు, వాంతి. కూర్చుంటే లేవలేని నీరసం. (నెల కూడా తప్పింది. ఒంట్లో బాగా లేకపోయినా తప్పుతుందని మాకెవరికి తెలుసు? పెరట్లోకి ఒంటికి వెళ్లినప్పుడు కనబడ్డ ముదురు పసుపు రంగు సంగతి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.) మనవడి కోసం ఎన్నాళ్లుగానో ముక్కోటి దేవుళ్లకు మొక్కుతున్న అత్తమ్మ, "మా పాప నీళ్లు పోసుకునింది" అని వీధంతా చెప్పేసింది. పైగా నా ఒళ్లు పచ్చబడటం చూసి, ఇన్నాళ్లకు చాటుగా పసుపు పూసుకుంటున్నానని మురిసిపోయింది. నేనేమో అద్దంలో చూసుకుని, అదంతా స్నో మహిమ అనుకున్నాను.

ఒకరోజు, దిష్టి తగలకుండా కాటుక పెడతానని అత్తమ్మ నా కంటి రెప్ప కిందికి లాగింది. లాగిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏం పాపా, కంట్లో గూడా పసుపు పూసుకుంటివా?"

నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. మండీలో జీవితమంతా పసుపులో మునిగి తేలినవాళ్లకైనా కళ్లు తెల్లగానే ఉంటాయని ఆమెకు తెలుసు. కాటుక చేత్తోనే నన్ను జట్కా ఎక్కించింది.

డాక్టరుగారు నా కళ్లు చూసి, కుడి డొక్క నొక్కి, "కడుపు గాదమ్మా, కామెర్లు. లివరు వాచిండాది. సారాయి తాగినా వస్తాది, పిత్తం దారిలో రాయి అడ్డం పడినా వస్తాది, చెడ్డ నీళ్లు..." అంటుండగానే అత్తమ్మ మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది.

"సారాయా! మా పాప స్నో తప్ప ఏమీ ఎరగదు సారూ!"

"నీళ్లమ్మా, నీళ్లు!" అని ఆయన తల పట్టుకున్నారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే మనిషి దక్కడం కష్టమయ్యేదని కూడా చెప్పారు.

తిరుగు దారిలో ఆమె ముఖం చూడలేకపోయాను. వీధంతా చాటిన మాట ఉత్తిదైపోయింది, ఇక నన్నేమంటుందోనని భయం. జట్కా దిగామో లేదో ఎదురింటామె అరుగు మీద నుంచే, "ఎన్నో నెలంట అక్కా?" అని అడిగింది.

అత్తమ్మ నా భుజం చుట్టూ చెయ్యి వేసి, "నెల గాదు, కామెర్లు. బిడ్డ పుడితే పుడతాది, లేకుంటే లేకపాయ. నా కోడలు నాకు దక్కింది, అదే శానా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అది చూసి ఎదురింటామె, "వాంతి వస్తాంటే కామెర్లంటావేమక్కా, మా దగ్గర గూడా దాస్తావా!" అని నొచ్చుకుంది.

ఇప్పుడు నేనూ అత్తనయ్యాను. ఆనాటి కర్నూలు పిల్ల గీర తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ గీరను భుజాన ఆనించుకుని ఇంట్లోకి నడిపించిన ఆమెను తలుచుకుంటే మాత్రం, కొంగు మళ్లీ నోటి దగ్గరికి పోతుంది.