నా బరువుకు తూగని బెల్లం

సిగరెట్టు మానేస్తే లావెక్కుతారని డాక్టరు ముందే చెప్పాడు. ఆకలి పెరుగుతుంది, నాలుకకు రుచి తిరిగొస్తుంది, చెయ్యి ఊరికే ఉండలేక ఏదో ఒకటి నోటి దగ్గరికి తీసుకుపోతుంది. అందుకని కీరదోస ముక్కలు, సోంపు, మజ్జిగ దగ్గర పెట్టుకోమన్నాడు, పొద్దున్నే నడవమన్నాడు. బుద్ధిమంతుడిలా తలూపాను. కర్నూలులో పాతికేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నవాణ్ని, ఒక కూడిక, ఒక తీసివేత నాకు కష్టమా అనుకున్నాను.

ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, నా భార్య, మా అత్త. అత్తది పత్తికొండ దగ్గర పల్లె. మామ పోయాక మా దగ్గరే ఉంటోంది. ఆమెకు షుగర్. నేను అంతకు ముందు మూడుసార్లు సిగరెట్టు మానాను. మూడుసార్లూ పొట్ట ముందుకొచ్చిందని, ఆ పొట్ట కంటే ఈ పొగే నయమని గట్టిగా వాదించి మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగోసారి అత్త నన్ను నమ్ముకోలేదు. వాళ్ళ ఊరి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. అల్లుడు నూరు రోజులు సిగరెట్టు ముట్టకుంటే, గుడి త్రాసులో అతన్ని కూర్చోబెట్టి సరిసమానంగా బెల్లం తూచి ఇస్తానని.

మామూలుగా మొక్కు తీర్చే రోజే బెల్లం కొంటారు. అత్త అందుకు ఒప్పుకోలేదు. నన్ను బెల్లం మండీకి పిలుచుకుపోయి, బస్తాలు తూచే కాటా మీద కూర్చోబెట్టింది. హమాలీలు పని ఆపి చూశారు. డెబ్బై ఒక్క కిలోలు తూగాను. డెబ్బై ఒక్క కిలోల బెల్లం మా వెనకే ఆటోలో ఇంటికొచ్చి, వంటింటి పక్క గదిలో రెండు స్టీలు డ్రమ్ముల్లో కూర్చుంది. కళ్ళ ముందుంటే మొక్కు గుర్తుంటుందని ఆమె ఆలోచన.

మొదటి పది రోజులు కీరదోస నమిలాను. పదకొండో రోజు అన్నం తిన్నాక సిగరెట్టు కోసం ప్రాణం లాగింది. లేచి అటూ ఇటూ తిరిగాను. తిరుగుతూ తిరుగుతూ ఆ గదిలోకి వెళ్ళాను. గోరంత ముక్క విరిచి నోట్లో వేసుకున్నాను.

ఏం చెప్పమంటారు. ఇరవై ఏళ్ళు పొగలో మాగిన నాలుక అప్పుడే పుట్టినట్టుంది. చెరుకు, మట్టి, కాస్త ఉప్పదనం, అన్నీ విడివిడిగా తెలిశాయి. ఒంటరిగా డ్రమ్ము పక్కన నిలబడి నవ్వుకున్నాను. సిగరెట్టు మాట మర్చేపోయాను. మరుసటి రోజు రెండు ముక్కలు తిన్నాను. ఆ తర్వాత ముక్కలు లెక్కపెట్టడం మానేశాను. దేవుడికి ఇవ్వాల్సింది ముందే తింటే ఎంగిలి అవుతుందని తెలుసు. కానీ నేను విరిచిన ముక్కకే నా నోరు తగిలింది, మిగతా దిమ్మెకు తగల్లేదు కదా అని తర్కం చెప్పుకున్నాను. అందరి ముందూ మాత్రం కీరదోసే తినేవాణ్ని.

రెండు నెలలకు నా భార్య డ్రమ్ములు తుడవబోయి మూత తీసింది. ముందు చీమలను అనుమానించింది. చీమలు దిమ్మెలు విరవవని తేలాక వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"షుగరు పెట్టుకోని బెల్లం తింటాండావా, అమ్మా?"

అత్త లేదని ఒక్కసారే చెప్పింది. నా భార్య వేలికి సూది గుచ్చి చూస్తే, ఆ రోజు ఖర్మకాలి షుగర్ ఎక్కువే వచ్చింది. అత్తకు అన్నం బందయింది, సాయంత్రం టీ బందయింది. ఎండు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు మిగిలాయి. నేను ఎదురుగా కూర్చుని ఆ తిండి చూశాను. నోరు తెరవాల్సిన చోట తెరవలేదు. అది చాలదన్నట్టు, "పెద్దామె, ఆశ పుట్టుంటుంది, పోనీలే" అని పెద్దమనసు చూపించాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. ఇక ముందు పోకుండా నా భార్య గదికి తాళం వేసి, ఇంట్లో నమ్మదగినవాణ్నని తాళంచెవి నా చేతికే ఇచ్చింది.

నూరో రోజు పత్తికొండ మీదుగా ఆ పల్లెకు వెళ్ళాం. అత్త తరఫు చుట్టాలంతా గుడి దగ్గర చేరారు. దూలానికి ఇనుప గొలుసులతో వేలాడుతున్న త్రాసులో ఒక తట్టలో బెల్లం పేర్చారు. రెండో తట్టలో నేను ముడుచుకుని కూర్చున్నాను. నా తట్ట దభీమని నేలకు తగిలింది. బెల్లం నా తలకంటే పైకి లేచి ఊగింది.

జనం నవ్వారు. నేనూ నవ్వాను. వాచీ తీశాను, ఫోను తీశాను, బెల్టు తీశాను. బెల్లం కిందికి చూడలేదు. పూజారి అటు తూకపురాళ్ళు వేస్తూ పోయి పదకొండు కిలోల దగ్గర ఆగాడు. నా నవ్వు ఆగలేదు గానీ, బుర్రలో లెక్క మాత్రం చకచకా జరిగిపోయింది. మొన్న డాక్టరు దగ్గర డెబ్బై ఏడు తూగాను. అంటే నేను పెరిగింది ఆరు, బెల్లం తగ్గింది ఐదు.

నా భార్య వాళ్ళమ్మ వైపు చూసింది. "స్వామి సొమ్ము ఎంత తినినావో చూసినావా?"

అత్త తల వంచుకుంది. అంతమంది చుట్టాల ముందు, సొంత ఊళ్ళో, ఒక్క మాట కూడా అనలేదు. నేను నవ్వు ఆపాను. మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్న ఆ తట్టలోంచే చెప్పాను.

"ఆమె తినలేదు. అంతా నేనే తిన్నాను."

అత్త తలెత్తింది.

"నాకు తెలుసప్పా," అంది. "ఇంట్లో ఉండేది ముగ్గురమే కదా. నిన్ను బయటపెడితే నీకు రోషమొచ్చి మళ్ళా సిగరెట్టు అంటించుకుంటావని గమ్మునుంటి. బెల్లం తింటాండాడంటే పొగ తాగడంల్యా అని సంతోషపడితి."

నా భార్య గుడి మెట్ల మీద కూలబడి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తట్టలోంచి లేవబోయి బోర్లా పడితే ఇద్దరు బావమరుదులు పట్టుకుని లేపారు. అప్పుడు మళ్ళీ గుడంతా నవ్వింది, పూజారితో సహా.

తక్కువైన బెల్లం పత్తికొండ నుంచి తెప్పిస్తామని చుట్టాలన్నారు. అత్త వద్దంది. తినినోడే తగ్గాల అని తీర్పు చెప్పింది. పూజారి మిగిలిన బెల్లాన్ని గుడి గదిలో పెట్టి, తాళంచెవి తనే మొలకు కట్టుకుని, స్వామికి తొందరేం లేదన్నాడు. అక్కడున్నది అరవై ఆరు కిలోలు. అంటే పెరిగిన ఆరే కాదు, తిన్న ఐదు కూడా నా ఒంట్లోంచే పోవాలి.

ఇప్పుడు రోజూ తెల్లవారగానే కేసీ కెనాల్ గట్టు మీద అత్తా నేనూ నడుస్తాం. ఆమె ముందు, నేను వెనక. ఆమె షుగర్ దిగింది, నేను డెబ్బైకి దిగాను. సిగరెట్టు ముట్టలేదు. నన్ను క్షమించావా అత్తా అని ఈ పొద్దున కూడా అడిగాను. ఆమె నడక ఆపలేదు.

"అరవై ఆరుకు రాప్పా, అప్పుడు చూస్తాం."