నడిచిన ఇంజిన్

బొగ్గు ఇంజిన్లు ఇంకా తిరుగుతున్న రోజులవి. టాటానగర్ వెయిటింగ్ రూములో ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న దంపతులు తెలుగువాళ్లని మాట వినగానే తెలిసింది. ఆయన రైలింజిన్ డ్రైవరుగా పనిచేస్తూ చూపు పోగొట్టుకున్నాడట. కిట్‌లో వచ్చిన విడిభాగాలను ఆమె ఒక్కొక్కటే అందిస్తుంటే, తడుముకుంటూ బొమ్మంత ఆవిరి ఇంజిన్ బిగించాడు. ఆఖరి మర బిగించడం అక్కడే పూర్తయింది. ఇంటికి వెళ్లేదాకా ఆగలేక, బల్ల మీదే బాయిలర్లో నీళ్లు పోయించి, కింద స్పిరిట్ దీపం వెలిగించమన్నాడు.

ఆవిరి బుసకొట్టింది గాని చక్రాలు కదల్లేదు.

"నడిసినాదేటే?" అన్నాడాయన ఆత్రంగా.

ఆమె నావైపు చూసి పెదాల మీద వేలు పెట్టింది. కొంగుతో ఇంజిన్‌ని పట్టుకుని మెల్లగా నెట్టింది.

"నడిసినాది మావా. జోరుగా ఎలిపోతంది."

ఆయన చేయి చాచాడు. ఇంజిన్ మీదున్న ఆమె వేళ్లు ఆ చేతికి దొరికిపోయాయి. నాకు ఎటు చూడాలో తోచలేదు.

"నన్ను నడిపిత్తన్నావు, సాల్లేదేటి? దీన్ని కూడా నువ్వే నెట్టాలా?" అని పకపకా నవ్వాడు.

ఆమె కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వింది.

"ఏదీ, పేచ్‌కస్సు ఇలాగియ్యి. మల్లీ ఇప్పుదాం," అంటూ స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపాడాయన.

నా బండి వచ్చేసరికి, ఇద్దరూ తలలు దగ్గరచేర్చుకుని మొదటి మర విప్పుతున్నారు.