ఎర్ర బటన్‌కు బంతిపూల దండ

భీమవరంలో నేను ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన ఐస్ ఫ్యాక్టరీలో దసరాకి మిషన్లన్నిటికీ పూజ చేసేవారు. ఐస్ దిమ్మలు నలగ్గొట్టే క్రషర్‌కు బంతిపూల దండ తగిలించడానికి మా ఓనరుకి ఇంకేమీ దొరకలేదు, ప్రమాదంలో నొక్కాల్సిన ఎర్ర బటన్ తప్ప! బొట్లు పెట్టడానికి అడ్డమని, చేతులు పడకుండా క్రషర్ బెల్టు మీద బిగించిన జాలీ కూడా విప్పించాడు.

"దండ తీసేద్దామండీ" అన్నాను.

"దేవుడి దండయ్యా, దానంతటది రాలాలి" అన్నాడు.

ఆ వారమే మా క్రషర్ నడిపే అతని తువ్వాలు బెల్టులో చిక్కుకుంది. లాక్కోబోతే చెయ్యి కూడా లోపలికి పోయింది. నేను పూలలో బటన్ కోసం తడుముకునేలోపు రెండు వేళ్లు తెగిపడ్డాయి.

"అమ్మవారి దయ, ప్రాణం దక్కింది" అన్నాడు ఓనరు. నా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు వెళ్లి చూస్తే జాలీ ఇంకా మూలనే పడి ఉంది. బటన్‌కు మాత్రం కొత్త దండ వేసి ఉంది.